అమ్మ మోకాలు వంగడం లేదు, ఇంట్లో అందరూ పడుకోమనే అంటున్నారు

కొర్లగుంట_కూతురు
అమ్మకు 67 ఏళ్లు. కుడి మోకాలి చిప్ప మార్పిడి ఆపరేషన్ అయి మూడో వారం నడుస్తోంది. కుట్లు తీశారు, గాయం పొడిగా ఉంది, జ్వరం లేదు. బాధంతా ఇంట్లోనే. ఫిజియో అబ్బాయి వచ్చి కాలు వంచమనగానే అమ్మ ఏడుస్తుంది. ఆ ఏడుపు చూడలేక నాన్న అతన్ని వెనక్కి పంపించేస్తున్నారు. చంద్రగిరి నుంచి పెద్దమ్మ సాయానికి వచ్చి ఉంది. "కోసి కుట్టిన కాలు, మూడు నెలలు కదపకూడదు" అని ఆవిడ పట్టుదల. మోకాలి కింద మెత్తటి దిండు పెట్టి పడుకోబెడుతుంది. అమ్మకు అది హాయిగా ఉంది, తీస్తే ఒప్పుకోదు. పైగా పప్పు తింటే చీము పడుతుందని చారన్నం, మజ్జిగన్నం తప్ప మరేదీ పెట్టనివ్వదు.
నిన్న కొలిస్తే కాలు 65 డిగ్రీలే వంగింది. పూర్తిగా చాపడమూ రావడం లేదు. వచ్చే వారం డాక్టరుకు చూపించాలి. అంత డబ్బు పోసి, అంత నొప్పికి ఓర్చుకున్నాక కాలు ఇలాగే బిగుసుకుపోతుందేమోనని భయంగా ఉంది. వీళ్లకు ఎలా నచ్చచెప్పాలి?

నీవా_ఒడ్డు
ముందు ఆ దిండు తీసేయండి. ఇవాళే.

స్వర్ణముఖి62
నీవా_ఒడ్డు గారు చెప్పిందే నేనూ చెబుతాను, కారణంతో సహా. నాకు రెండు మోకాళ్లూ మార్చారు, ఒకటి అయ్యాక ఏడాదికి రెండోది. ఆపరేషన్ అయిన మోకాలికి కాస్త వంగి ఉండటమే హాయి. దిండు పెడితే నొప్పి తగ్గినట్టే ఉంటుంది. కానీ ఆ వంపులోనే వెనుక కండరాలు పొట్టిబడిపోతాయి. తర్వాత కాలు చాచినా నేల మీద తిన్నగా ఆనదు, కుంటుతూ నడవాల్సి వస్తుంది. వంగడం నెమ్మదిగా వచ్చినా ఫరవాలేదు. చాపడం మాత్రం మొదటి వారాల్లోనే రాబట్టుకోవాలని మా డాక్టరు మంచం పక్కన నిలబడి మరీ చెప్పారు.
దిండు మడమ కింద పెట్టండి. మోకాలి కింద ఏమీ ఉండకూడదు, గాలిలో ఉండాలి. కాలి బరువుకు అదే నెమ్మదిగా కిందికి దిగుతుంది. మొదట్లో నాలుగైదు నిమిషాలు కూడా భరించలేరు. భరించినంత సేపే ఉంచి తీసేయండి, గంట పోయాక మళ్లీ పెట్టండి. ఇంకొకటి: కాలు చాచి, మోకాలి వెనుక భాగంతో పరుపును నొక్కమనండి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. తొడ మీద చెయ్యి వేసి చూస్తే కండరం రాయిలా బిగుస్తుంది. అలా బిగిసిందంటే సరిగ్గా చేస్తున్నట్టే. బిగవకపోతే అమ్మ మడమతో మాత్రమే నొక్కుతున్నారని అర్థం.

పలమనేరు_పాడి
అందరూ ఫిజియో ఫిజియో అంటారు. మా నాన్నకు ఏ ఫిజియో రాలేదు. వాకర్ పట్టుకుని పొద్దున పశువుల కొట్టం దాకా, సాయంత్రం వీధి చివరి దాకా నడిచారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. మా పక్కింటి ఆవిడకు మాత్రం ఒకతను వచ్చి కాలు బలవంతంగా వంచితే వాపు రెట్టింపయింది, వారం రోజులు మంచం దిగలేదు. ఏడిపించి వంచడం వైద్యమా? ఆ అక్క వాళ్ల నాన్న చేసిందాంట్లో నాకు తప్పు కనిపించలేదు.

నీవా_ఒడ్డు
పాడి అన్నా, మీ నాన్నగారు రోజుకు రెండు పూటలా నడిచారు. ఇక్కడ ఆవిడను మంచం దిగనివ్వడం లేదు. రెండూ ఒకటి కాదు.

తిరుచానూరు_ఫిజియో
ఈ పని నా వృత్తి, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.
పాడి గారు చెప్పిన రెండూ నిజమే. శ్రద్ధగా ఇంట్లో చేసుకునేవారికి ఫిజియో రోజూ రానక్కర్లేదు. ఏం చేయాలో నేర్పించి, వారానికి ఒకటి రెండుసార్లు చూసినా సరిపోతుంది. కేకలు పెట్టించి వంచడమూ తప్పే. అలా చేస్తే మోకాలు మరుసటి రోజుకు ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. మంచి ఫిజియో కాలు తాను వంచడు, మనిషి చేత వంచిస్తాడు.
కానీ నొప్పి అసలు లేకుండా వంగే మోకాలు ఉండదు. నేను చూసే కొలత ఇది: వ్యాయామం చేసేటప్పుడు లాగినట్టు ఉండి, ఆపాక అరగంటా గంటలో మామూలు స్థితికి వస్తే ఫరవాలేదు. రాత్రంతా సలిపి, మరునాడు వాపు పెరిగితే ఎక్కువైనట్టు, తగ్గించాలి.
కూతురు గారూ, అమ్మకు నొప్పి మాత్ర ఎప్పుడు ఇస్తున్నారు? చాలా ఇళ్లలో వ్యాయామం చేసి ఏడ్చాక ఇస్తారు. డాక్టరు రాసిన మాత్రనే, మోతాదు మార్చకుండా, వ్యాయామానికి ముప్పావు గంట ముందు పడేలా వేళ సర్దండి. చేశాక కాలు ఎత్తులో పెట్టి, పలుచని గుడ్డ చుట్టిన ఐస్ 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. ఐస్ నేరుగా చర్మం మీద వద్దు. ఆపరేషన్ గీత పక్కన చర్మానికి స్పర్శ తక్కువ, కాలినా తెలియదు.
వంచడానికి: గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నేల మీద జార్చుతూ వెనక్కి తీసుకోమనండి. పాదం కింద నున్నటి గుడ్డ వేస్తే సులువుగా జారుతుంది. ఇక చాలు అన్న చోట పాదం కదపకుండా ఉంచి, ఒంటిని కొద్దిగా ముందుకు జరపాలి. అంతే, ఇంకొంచెం వంగుతుంది. ఎవరూ చెయ్యి వేయనక్కర్లేదు. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టి అంకెలు లెక్కపెట్టే పని అప్పగించండి. ఏడుపు చూసి తట్టుకోలేని మనిషికి ఏదో ఒక పని ఉండాలి.
మూడో వారానికి 65 తక్కువే. అలాగని చెయ్యి దాటిపోలేదు. చాలామందికి ఆరు వారాలకు 90 దాటి వస్తుంది. వచ్చే వారం డాక్టరుకు ఈ అంకె తప్పక చెప్పండి.

కాణిపాకం_వీధి
పప్పు తింటే చీము పడుతుందా? మా ఇంట్లోనూ ఇదే గొడవ. పప్పు, వంకాయ, గోంగూర, గుడ్డు, చేప అన్నీ మాన్పించారు. మా అవ్వ ఆపరేషన్ తర్వాత నీరసించి, వాకర్ పట్టుకుంటే చేతులు వణికేవి. డాక్టరమ్మ కోప్పడింది. గాయం మానడానికీ కండ పట్టడానికీ మాంసకృత్తులే కావాలట, చారన్నంలో అవి ఎక్కడున్నాయి అని అడిగింది. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, షుగరు అదుపులో లేనివారికి ఆ ముప్పు ఎక్కువ. పప్పుకు దానితో సంబంధం లేదు. ఆ రోజు నుంచి పూటకో గుడ్డు, పెసరపప్పు, పెరుగు. రాగి సంగటి మీదికి పప్పు వేసుకుని అవ్వ ఎంత ఇష్టంగా తినిందో చెప్పలేను.

చిత్తూరు_తోతాపురి
మలబద్ధకం సంగతి ఎవరూ రాయలేదు! కొన్ని నొప్పి మాత్రలతో అది వస్తుంటుంది. మా అత్తగారు మోకాలి నొప్పి కన్నా దానితోనే ఎక్కువ బాధపడ్డారు. నీళ్లు, ఆకుకూర, ఒక అరటిపండు మొదటి రోజు నుంచే పెట్టండి. అవసరమైతే డాక్టరును అడిగి మందు తెచ్చుకోండి, సిగ్గుపడకండి.
ఇంకో ఉపాయం. మా అత్తగారికి సాయంత్రం సీరియల్ తప్పకూడదు. ప్రకటనలు వచ్చినప్పుడల్లా కాలు చాచి పరుపు నొక్కాలని మనవరాలు నియమం పెట్టింది. మన సీరియళ్లలో ప్రకటనలకు కొరత లేదు కదా, కాలు త్వరగానే తిన్నగా వచ్చింది!

పుత్తూరు_దారి
నా మాట కోపంగా తీసుకోకండి. పుత్తూరు కట్టుకు దూర రాష్ట్రాల నుంచి వస్తారు. మా ఇంట్లో విరిగిన చేతులు ఎన్నో అక్కడే బాగయ్యాయి. ఈ వాపుకు ఆ తైలంతో మర్దన చేసి కట్టు కట్టిస్తే తగ్గదా?

తిరుచానూరు_ఫిజియో
పుత్తూరు కట్టు మీద మీ నమ్మకం గురించి నేనేమీ అనను. కానీ ఇది విరిగిన ఎముక కాదు. ఎముక చివరలు చెక్కి లోహపు తొడుగు వేసి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల పెట్టిన కీలు. దీన్ని కదలకుండా కట్టడం అంటే మనం ఏది రాకూడదనుకుంటున్నామో దాన్నే పిలిచినట్టు. ఇక తైలం: గాయం పూర్తిగా మానకముందు నూనె తగిలితే చర్మం మెత్తబడి సూక్ష్మజీవులు చేరతాయి. పిక్క మర్దన ఇంకా ప్రమాదం. లోపల సిరలో రక్తం గడ్డ కట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. గీత పూర్తిగా మానాక, డాక్టరు సరేనన్నాక, గీత మీద మాత్రం వేలితో మెల్లగా రుద్దుకోవచ్చు.

పుత్తూరు_దారి
గడ్డ సంగతి నాకు తెలియదు. అడిగినందుకు మేలే జరిగింది. మా బావగారికి వచ్చే నెల ఆపరేషన్, ఇంట్లో వాళ్లకు చెబుతాను.

కొర్లగుంట_కూతురు
అందరి సమాధానాలూ నాన్నకు చదివి వినిపించాను. దిండు మడమ కిందికి మారింది. అమ్మ మూతి ముడుచుకుంది గానీ తీయలేదు. మరో భయం. తొడ నుంచి పాదం దాకా నల్లగా, ఊదాగా కమిలినట్టుంది. ఆపరేషన్ చేసింది మోకాలికి అయితే చీలమండ దగ్గర నలుపు ఎందుకు? మోకాలు ముట్టుకుంటే వెచ్చగా ఉంది. గీతకు బయటి పక్కన స్పర్శ లేదంటుంది. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటుంది, నిద్ర లేదు.

స్వర్ణముఖి62
ఇవన్నీ నాకూ ఉన్నాయి తల్లీ. లోపల కారిన రక్తం మెల్లగా కిందికి దిగుతుంది, అందుకే చీలమండ దగ్గర నలుపు. రంగు ఆకుపచ్చగా, పసుపుగా మారి పోతుంది. వెచ్చదనం కొన్ని నెలలు ఉంటుంది, వాపు అయితే సాయంత్రమయ్యేసరికి ఆరు నెలల దాకా కనిపించవచ్చు. స్పర్శ లేకపోవడం చర్మపు నరం తెగినందువల్ల. నాకు కొంత తిరిగి వచ్చింది, అరచేయంత చోట ఇప్పటికీ లేదు. నడకకు దానితో ఇబ్బంది లేదు. నడిచేటప్పుడు లోపల టక్ టక్ అని శబ్దం కూడా వస్తుంది, ముందే చెబుతున్నాను, హడలిపోకండి.
రాత్రి నొప్పి అందరికీ ఉంటుంది. పగలు రెండు గంటలు నిద్రపోనివ్వకండి. రాత్రి మాత్ర వేళను డాక్టరుతో మాట్లాడి పడుకునే ముందుకు మార్పించుకోండి.

నీవా_ఒడ్డు
మామూలువి సరే, మామూలు కానివి కూడా రాయాలి. గాయం నుంచి నీరు గానీ చీము గానీ కారడం, ఎరుపు రోజురోజుకూ పాకడం, చలితో జ్వరం, తగ్గుతున్న నొప్పి ఉన్నట్టుండి పెరగడం: వీటిలో ఏది వచ్చినా ఆపరేషన్ చేసినవారికి ఆ రోజే చూపించాలి. పిక్క ఒక పక్కే ఉబ్బి గట్టిపడి నొక్కితే నొప్పి పుట్టినా అంతే. ఆయాసమో ఛాతీలో నొప్పో వస్తే తెల్లవారే దాకా ఆగకూడదు, 108కి ఫోను చేయాలి. రక్తం పలుచబడే మాత్ర ఇచ్చి ఉంటే రాసినన్ని రోజులూ వేయాలి. "ఇక బాగుందిగా" అని మధ్యలో మానేయడం మా బంధువుల్లో చూశాను, మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

పలమనేరు_పాడి
ఇది నాన్నకు ఎవరూ చెప్పలేదు. మంచి సంగతి రాశారు.

లెక్కల_సార్_రిటైర్డ్
ఎన్ని డిగ్రీలు వంగితే ఏ పని చేయవచ్చో తెలిస్తే మనిషికి పట్టుదల వస్తుంది. మా ఫిజియో కాగితం మీద రాసి గోడకు అంటించాడు. చదును నేల మీద నడవడానికి సుమారు 70 డిగ్రీలు కావాలి. మెట్లు ఎక్కడానికి 85 దాకా, దిగడానికి 90 నుంచి 100. కుర్చీలోంచి లేవడానికి 95 ప్రాంతం, తగ్గు కుర్చీ అయితే 105. అందుకే ఇంట్లో తగ్గు సోఫాలు పక్కకు నెట్టి, చేతులున్న ఎత్తు కుర్చీ వేయండి. మరుగుదొడ్డిలో పాశ్చాత్య తరహా కమోడ్ లేకపోతే మడత కమోడ్ కుర్చీ దొరుకుతుంది. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించండి.
ఇంకో రెండు సంగతులు. కృత్రిమ మోకాళ్ల ధరకు కేంద్రం 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలు, పన్ను అదనం. అంతకుముందు లక్షన్నర దాటి వసూలు చేసేవారు. బిల్లులో ఆ పరికరం పేరు, ధర విడిగా ఉన్నాయో లేదో చూసుకోండి. పరికరం చీటీ భద్రంగా పెట్టండి, ఎప్పుడైనా మళ్లీ ఆపరేషన్ అవసరమైతే కావాలి.
ఎన్నాళ్లు వస్తుంది అని అందరూ అడుగుతారు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం పూర్తి మోకీలు మార్పిడిలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలిచాయి. 67 ఏళ్ల వారికి ఈ మోకాలు తోడు ఉంటుందని ధైర్యంగా చెప్పండి.

శ్రీవారి_మెట్టు
అసలు ప్రశ్న నాది కాదు గానీ అడుగుతున్నాను. మా అమ్మకు ఆపరేషన్‌కు ముందు నుంచీ ఒకటే కోరిక, కాలినడకన కొండ ఎక్కాలి. మొక్కు ఉంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, అందులో మోకాళ్ల పర్వతం. శ్రీవారి మెట్టు అయితే 2,388. కొత్త మోకాలితో కుదురుతుందా?

స్వర్ణముఖి62
మెట్లు కుదురుతాయి, కొండ వద్దు. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కుతామని మొక్కుకునేవారు ఉంటారు, అది మాత్రం అసలే వద్దు. నేను బస్సులో వెళ్లాను. 65 దాటినవారికి ప్రత్యేక దర్శనం ఉంది, స్వామి ఏమీ అనుకోడు.

తిరుచానూరు_ఫిజియో
ఏడాది తర్వాత, తొడ కండరం బలంగా ఉండి, డాక్టరు ఒప్పుకుంటే కొన్ని మెట్లు ఎక్కవచ్చు. ఎక్కడం కన్నా వేల మెట్లు దిగడం కీలుకు ఎక్కువ భారం. తొమ్మిది కిలోమీటర్ల దారిలో మధ్యలో ఆగిపోతే సాయం అందేసరికి ఆలస్యమవుతుంది. ఇంట్లో మెట్లకు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చేయి కమ్మీ మీదే ఉండాలి.

చిత్తూరు_తోతాపురి
"మంచిది పైకి, మారింది కిందికి" అని మా అత్తగారు పాడుకుంటూ ఎక్కేవారు!

కాణిపాకం_వీధి
గుళ్ల మాట వచ్చింది కాబట్టి: ఎండాకాలం రాతి నేల మీద చెప్పులు లేకుండా తిరిగితే షుగరు ఉన్నవారికి అరికాలు బొబ్బలెక్కుతుంది, తెలియను కూడా తెలియదు. పాదం మీది పుండు, పుచ్చిన పన్ను, మూత్రంలో మంట, వీటి నుంచి సూక్ష్మజీవులు రక్తంలో చేరి కొత్త మోకాలికి పట్టవచ్చని అవ్వ డాక్టరమ్మ చెప్పింది. ఏళ్లు గడిచాక కూడా. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా మోకాలు మార్చిన సంగతి ముందే చెప్పాలి.

కొర్లగుంట_కూతురు
డాక్టరుకు చూపించి వచ్చాం. 82 డిగ్రీలు వంగింది. చాపడంలో కొద్ది తేడా ఉంది. ఆరేడు వారాలకూ ఇలాగే ఉంటే మత్తు ఇచ్చి వంచే ఆలోచన చేస్తారట, మొదటి మూడు నెలల్లో అయితేనే అది బాగా పనిచేస్తుందట. కానీ ఇలా సాగితే ఆ అవసరం రాదన్నారు.
పెద్దమ్మను కూడా తీసుకెళ్లాను. డాక్టరు ఆవిడనే పిలిచి, ఎక్స్‌రేలో లోహపు తొడుగు చూపించి, "ఇది ఇప్పుడే బరువు మోస్తుంది, దీనికి మూడు నెలలు అక్కర్లేదు. బిగుసుకుపోయేది దీని చుట్టూ ఉన్న కండ" అన్నారు. నా మాట వినని పెద్దమ్మ ఆయన మాట విన్నది. ఇప్పుడు గడియారం చూసి మరీ అమ్మను లేపుతోంది. నిన్న రాత్రి పప్పుచారు కూడా ఆవిడే పెట్టింది. నాన్న లెక్కపెట్టేటప్పుడు నాలుగుకూ ఐదుకూ మధ్య చాలా సేపు ఆగుతున్నారని అమ్మ ఫిర్యాదు.
ఒక సందేహం. అమ్మ ఎడమ మోకాలు కూడా అరిగిందన్నారు. అది ఎప్పుడు? ఇంకొకటి, తను స్కూటీ మీద కూరగాయలకు వెళ్లేది. మళ్లీ నడపగలదా?

లెక్కల_సార్_రిటైర్డ్
82 అంటే మెట్ల దగ్గరికి వచ్చేసినట్టే. గోడ మీద రాయించండి.

తిరుచానూరు_ఫిజియో
రెండోది తొందర లేదు. ఈ కాలు నమ్మకంగా బరువు మోసే దాకా ఆగితే మంచిది, మామూలుగా కనీసం మూడు నెలలు. ఎడమ కాలికి కూడా తొడ వ్యాయామాలు ఇప్పటి నుంచే చేయించండి, ఆపరేషన్‌కు ముందు బలం ఉన్న కాలు తర్వాత త్వరగా కోలుకుంటుంది.
స్కూటీ: కనీసం ఆరు వారాలు వద్దు. మత్తు కలిగించే నొప్పి మాత్రలు పూర్తిగా మానాలి. బండి ఆపి ఉంచి, కూర్చుని, ఉన్నట్టుండి కుడి పాదం నేల మీద ఆన్చి బండి బరువు ఆపగలరో లేదో ఇంటి ముందు చూసుకోవాలి. అది చేయగలిగాక డాక్టరును అడగండి. అప్పటిదాకా కూరగాయలకు నాన్నగారే.

పలమనేరు_పాడి
మా నాన్న మళ్లీ టీవీఎస్ ఎక్కడానికి నాలుగు నెలలు పట్టింది. పాల క్యాన్లు మాత్రం కట్టుకోనివ్వడం లేదు. అక్కా, మూడో నెల కొలత ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.